పేతురు యాస



పునీత పేతురుగారు తన గురువును ఎరుగనని మూడుమార్లు బొంకిన సంగతి మనకందరికీ తెలిసినదే. కోడి కూసిన సంగతీ తెలిసినదే. కాని ఆ రాత్రి ఆయనను పట్టించినదేమిటో మనము అంతగా గమనించము. ఆయన ముఖము కాదు, వేషము కాదు. ఆయన యాస! ప్రధానార్చకుని ఇంటి ముంగిట నిలిచినవారు ఆయన మాట తీరు విని, ఇతడు ఆ గుంపులోనివాడే అని తేల్చేశారు (మత్తయి 26:73). గలిలయ యూదయాకు ఉత్తరాన ఉన్న సీమ. అక్కడివారికి కొన్ని అక్షరాలు సరిగా పలకవని యూదయావారు ఎగతాళి చేసేవారు. ఆ ఎగతాళి యూదుల పాత గ్రంథాలలో కథలుగా కూడ మిగిలి ఉన్నది. మన ప్రభువు పెరిగినది ఆ సీమలోనే. కొండమీది ప్రసంగము కూడ ఆ యాసలోనే వెలువడి ఉంటుంది.

యాసను బట్టి మనిషిని తక్కువ చేయడము తెలంగాణ బిడ్డలకు కొత్త సంగతి కాదు. చాల ఏండ్లపాటు తెలుగు సినిమాలలో కథానాయకుడు ఒక తెలుగు మాట్లాడేవాడు. రౌడీ, తాగుబోతు, ఇంటి పనివాడు మన తెలుగు మాట్లాడేవారు. 'గిట్ల', 'గట్ల', 'ఏంది' అంటే చాలు, హాలంతా నవ్వేది. ఆ నవ్వు టీవీతో పాటు మన ఇండ్లలోకి వచ్చింది. ఇప్పుడు సెల్‌ఫోనుతో మన అరచేతిలోకే వచ్చింది. శ్రీరాంపూర్‌లో బొగ్గుబాయి నుండి ఇల్లు చేరిన కార్మికుడు అన్నము ముందు కూర్చొని హాస్య కార్యక్రమము చూస్తాడు. దుబాయిలో ఆయన తమ్ముడు క్యాంపు గదిలో మంచము మీద పండుకొని అదే కార్యక్రమము చూస్తాడు. ఇద్దరూ నవ్వుతారు. ఆ నవ్వు ఎవరి మీద? ఈ వారము దీనిని గూర్చి ధ్యానిద్దాము.

లండనులో ఒక నవ్వు

ఈ బాధ మనకొక్కరికే కాదు. ఐర్లాండు దేశము కతోలికులు ఎక్కువగా ఉన్న దేశము. 1845 నుండి కొన్నేండ్లు వరుసగా అక్కడ ఆలుగడ్డ పంట కుళ్ళిపోయి ఘోరమైన కరవు వచ్చింది. సుమారు పది లక్షలమంది చనిపోయారు. అంతకు తక్కువ గాకుండ జనము ఓడలెక్కి దేశము విడిచారు. ఇంగ్లండుకు చేరినవారు రేవులలో, రైలు దారుల మీద, గృహ నిర్మాణాలలో కూలి చేశారు. వారి చెమట కావాలి, వారి మాట మాత్రము నవ్వులాట. లండనులో వెలువడిన 'పంచ్' అనే హాస్య పత్రిక ఐరిష్ వారిని కోతి ముఖాలతో బొమ్మలు వేసింది. ఐరిష్ వాడంటే తాగుబోతు, తగాదాకోరు అనే ముద్ర అట్లా పడి తరతరాలు నిలిచింది.

2013 సెప్టెంబరులో అదే లండనులో చానెల్ ఫోర్ అనే టీవీ సంస్థ 'లండన్ ఐరిష్' అనే హాస్య ధారావాహిక వేసింది. ఉత్తర ఐర్లాండు నుండి వచ్చి లండనులో బ్రతుకుతున్న నలుగురు యువతీ యువకులు, వారి తాగుడు, వారి బూతు మాటలు, అదే కథ. చూచినవారిలో కొందరు కడుపుబ్బ నవ్వారు. కొందరు ఐరిష్ వారు మాత్రము నొచ్చుకొన్నారు. నూరేండ్లుగా మా మొగాన పులిమిన మసిని మళ్ళీ పులుముతున్నారే అని బాధపడ్డారు. అయితే దానిని వ్రాసినది పరాయివారు కాదు. లీసా మగీ అనే రచయిత్రి. ఆమె ఉత్తర ఐర్లాండులోని డెరీ పట్టణపు బిడ్డయే. ఆ ధారావాహిక ఆరు భాగాలతోనే ముగిసింది.

మన దగ్గర

సరిగ్గా అదే సంవత్సరము, 2013లో, మన ఈటీవీలో 'జబర్దస్త్' మొదలయ్యింది. అది ఎందరో పేదింటి పిల్లలకు అన్నము పెట్టిన మాట నిజము. వారిలో నిజమైన ప్రతిభ గలవారు ఉన్నారన్నదీ నిజము. కాని రెండు అర్థాల మాటలు, భార్యను తూలనాడే మాటలు, నల్లగా ఉన్నవారిని, లావుగా ఉన్నవారిని వెక్కిరించే మాటలు అందులో ఎక్కువయ్యాయని చూచినవారే చెప్పుకొన్నారు. 2014 డిసెంబరులో ఒక స్కిట్టు తమ ఇండ్ల స్త్రీలను కించపరచిందని గీత కార్మిక కులస్థులు ఆగ్రహించారు. కొందరు హైదరాబాదులో ఆ స్కిట్టు నటుడు వేణు మీద దాడి చేశారు. 2021లో మరొక టీవీ కార్యక్రమములో బతుకమ్మను, గౌరమ్మను, తెలంగాణ యాసను చులకన చేశారని పోలీసులకు ఫిర్యాదు అందింది. ఆ మాటలు పలికిన నటుడు క్షమాపణ చెప్పుకొన్నాడు.

ఇట్లాంటివి చూచినప్పుడు మనమేమి చేయాలి? దీనికి జవాబు పునీత పేతురుగారి జీవితములోనే ఉన్నది. తనను, తన గురువును అవమానించినవారి ఎదుట ఆయన మూడు విధాలుగా ప్రవర్తించాడు. రెండుమార్లు తప్పాడు. మూడవమారు నిలిచాడు.

మొదటిది: కత్తి

గెత్సేమనీ తోటలో ఆయన కత్తి దూసి మల్కు అనే దాసుని చెవి నరికాడు (యోహాను 18:10). ప్రభువు ఆయనను మెచ్చుకోలేదు. ఆ చెవిని తాకి బాగుచేశాడు (లూకా 22:51). ఒక స్కిట్టు మనలను అవమానించిందని మనిషిని కొట్టినవారు కత్తి దూసిన పేతురుతో సమానము. దెబ్బ తిన్నవాని మాట అప్పటికి ఆగుతుందేమో గాని, అతని చెవి మాత్రము తెగిపోతుంది. మన నొప్పిని అతడు ఇక వినలేడు. మనలను మొరటువారని వెక్కిరించినవారికి, చూచారా మేము చెప్పినదే నిజమని అనుకొనే అవకాశము కూడ మనమే ఇచ్చినవారమవుతాము.

రెండవది: బొంకు

అదే రాత్రి, కొన్ని గంటలు గడవక ముందే, చెవి నరికిన ఆ వీరుడు ఒక పనిపిల్ల ఎదుట వణికిపోయాడు. ఆ మనిషిని ఎరుగను అని శపథము చేశాడు. సోదరులారా, నిజము చెప్పుకొందాము. మనలో కత్తి దూసేవారు పదిమందిలో ఒకరే. తక్కిన తొమ్మిదిమంది ఈ రెండవ పని చేస్తారు. హైదరాబాదులో హాస్టలులో చదువుతున్న మన పిల్లవానికి ఇంటి నుండి ఫోను వస్తుంది. "తిన్నవా బిడ్డా? పైలం" అంటుంది తల్లి. వాడు గదిలోనుండి బయటికి పోయి, నోటికి చేయి అడ్డము పెట్టుకొని, గుసగుసగా జవాబిస్తాడు. తోటివారు వింటే నవ్వుతారని భయము. టీవీలో మన యాసను చూచి హాలంతా నవ్వితే మనమూ కలిసి నవ్వుతాము, మనము ఆ గుంపులోని వారము కాదని చూపుకొనుటకు. అది పేతురు చలిమంట కాచుకొన్నట్లే. ఒళ్ళు వెచ్చగా ఉంటుంది, లోపల ఏడుపు.

మన విచారణలలోనే చూడండి. ఆదివారము దివ్యబలి పూజలో పఠనము చదువుమంటే పల్లె నుండి వచ్చిన ఆడపిల్ల వెనుకకు తగ్గుతుంది. "నాకు మంచిగ రాదు ఫాదర్" అంటుంది. ఆమెకు చదువు రాక కాదు. ఎప్పుడో ఒకమారు ఆమె పలుకు విని ముందు వరుసలోనివారు కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు దేవుని వాక్యమును ఆమె నోటనే ఆపివేసింది. దీనికి ఏ టీవీవారు బాధ్యులు?

మూడవది: సాక్ష్యము

పెంతెకోస్తు దినమున పవిత్రాత్మ దిగివచ్చినప్పుడు జనము ఆశ్చర్యపడి అడిగిన మొదటి ప్రశ్న, వీరందరూ గలిలయవారే కదా అని (అపోస్తలుల కార్యములు 2:7). ఎగతాళి చేసినవారు అన్న మాట, వీరు తాగి ఉన్నారని (2:13). చూచారా! యాస మోటు, మనిషి తాగుబోతు. ఐరిష్ వారిమీద పడిన ముద్ర, మన మీద పడిన ముద్ర, శ్రీసభ పుట్టిన దినముననే అపోస్తలుల మీద పడింది.

అప్పుడు పేతురుగారు ఏమి చేశారు? కత్తి దూయలేదు. యాసను దాచుకోలేదు. పదునొకండుగురితో కలిసి లేచి నిలిచాడు. ఇంకా ప్రొద్దున తొమ్మిది గంటలే అయినది, ఈ వేళలో ఎవరు తాగుతారని నెమ్మదిగా, కొంచెము చమత్కారముగా జవాబు చెప్పాడు. తరువాత ఆ నోటితోనే, ముంగిట తనను పట్టించిన ఆ యాసతోనే, సువార్తను బోధించాడు. ఆ దినము మూడువేలమంది జ్ఞానస్నానము పొందారు. పవిత్రాత్మ పేతురు యాసను దిద్దలేదు. ఆయన భయమును తీసివేసింది. వచ్చినవారు ఎవరి భాషలో వారు విన్నారని వాక్యము చెప్తున్నది గాని, అందరూ యెరూషలేము భాష నేర్చుకొన్నారని చెప్పలేదు.

ఆ మార్పు కళాకారులలో కూడ రాగలదు. 'లండన్ ఐరిష్' వ్రాసిన లీసా మగీయే 2018లో 'డెరీ గర్ల్స్' అనే మరొక హాస్య ధారావాహిక వ్రాసింది. ఆమె తన ఊరికి, తాను చదివినటువంటి కతోలిక బాలికల పాఠశాలకు, 1990ల నాటి తుపాకుల భయానికి తిరిగిపోయింది. అందులో ఒక కన్యస్త్రీ ప్రధానోపాధ్యాయురాలు కూడ ఉన్నది, ఆమె మీద కూడ నవ్వులున్నాయి. మోటు మాటలు అందులోనూ లేకపోలేదు. కాని ఆ నవ్వులో తల్లిని తలచుకొన్న ప్రేమ ఉన్నది. డెరీ ప్రజలు దానిని తమదిగా చేసుకొన్నారు, 2019లో ఆ ఊరి గోడ మీద అందులోని పాత్రల బొమ్మలు పెద్దవిగా వెలిశాయి.

మన దగ్గర 2014లో దెబ్బలు తిన్న ఆ వేణు సిరిసిల్ల ప్రాంతపు బిడ్డ. 2023 మార్చిలో ఆయన దర్శకత్వము వహించిన 'బలగం' విడుదలయ్యింది. మన ఉత్తర తెలంగాణ పల్లె, మన యాస, మన ఇంటి చావు, ఒక నల్లిబొక్క దగ్గర మొదలై ఏండ్ల తరబడి నిలిచిపోయిన పంతము. అందులో నవ్వు ఉన్నది, తాగుడు కూడ ఉన్నది. కాని ఆ యాస మాట్లాడేవారిని చూచి నవ్వుమని అది మనకు చెప్పలేదు. వారి మధ్య మనలను కూర్చోబెట్టింది. పల్లెలలో ఆరుబయట తెర కట్టుకొని ఊరంతా కలిసి చూచి ఏడ్చారు. మాటలు లేని అన్నదమ్ములు అది చూచి కలిసిపోయిన వార్తలు పత్రికలలో వచ్చాయి. కాకికి ముద్ద పెట్టే ఆచారము మనది కాదు. కాని పీఠము ముందు కానుక విడిచి, మొదట నీ సోదరునితో సమాధానపడుమన్న ప్రభువు మాట (మత్తయి 5:23-24) మనది. ఆ మాటను మనకు ఒక సినిమా గుర్తుచేయవలసి వచ్చింది!

ఒకే మనిషి, ఒకే యాస, ఒకే హాస్యము. మారినదేమిటి? అతడు నిలుచున్న చోటు. కీర్తనల గ్రంథము మొదటి కీర్తనలోనే అపహాసకుల ఆసనము ఒకటి ఉన్నదని, అక్కడ కూర్చోనివాడు ధన్యుడని చెప్పబడింది. ఆ ఆసనము నుండి లేచి తనవారి నడుమ కూర్చొన్నవానికి అదే మాట దీవెన అయ్యింది.

తాగుబోతును చూచి నవ్వడము

ఇక్కడ ఒక చేదు మాట కూడ చెప్పాలి. మన బొగ్గుబాయిల ప్రాంతములో తాగుడు లేదా? ఉన్నది. ఎన్ని జీతాలు ఇంటికి చేరకముందే కరగిపోతున్నాయో, ఎందరు తల్లులు జపమాల చేత పట్టుకొని రాత్రి తలుపు వైపు చూస్తున్నారో మనకు తెలుసు. అందుచేతనే తాగుబోతు పాత్ర తెర మీద తూలుతూ ఉంటే మనమందరము నవ్వుతున్నప్పుడు, ఆ గదిలో ఒకామె నవ్వదు. ఆమె ముఖము చూడండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా మీద తిరగబడ్డారు, 1993లో రాష్ట్రములో సారా నిషేధము వచ్చింది. వారికి తాగుడు హాస్యము కాదు.

నోవా తాగి, గుడారములో బట్టలు లేక పడి ఉన్నప్పుడు, ఒక కుమారుడు చూచి బయటికి పోయి చెప్పాడు. మిగిలిన ఇద్దరు బట్ట భుజాల మీద వేసుకొని, వెనుకకు నడిచి వచ్చి, తండ్రి అవమానము చూడకుండానే కప్పారు (ఆదికాండము 9:20-23). తండ్రి చేసినది మంచిదని వారు అనలేదు. దానిని వినోదము చేసుకోలేదు, అంతే. తాగేవానికి మందలింపు కావాలి, వైద్యము కావాలి, ప్రార్థన కావాలి. ఎగతాళి ఏ తాగుబోతునూ మాన్పించలేదు. పైగా, అందరూ ఇంతే కదా అని వానికి ఒక సాకు దొరికింది.

మనము ఎవరిని చూచి నవ్వుతున్నాము?

నజరేతు నుండి మంచిది ఏమైనా రాగలదా అని అడిగిన నతనయేలు ఏ ఊరివాడు? గలిలయలోని కానావాడు (యోహాను 21:2). యూదయావారు గలిలయను చిన్నచూపు చూస్తే, గలిలయవాడు పక్క ఊరిని చిన్నచూపు చూచాడు. మన సంగతి కూడ ఇంతే. మన యాసను ఎగతాళి చేశారని మండిపడే మనమే, ఉట్నూరు వైపు నుండి వచ్చిన గోండు అన్న తెలుగు మాట్లాడితే అనుకరించి నవ్వుతాము. పెద్దపల్లి వైపు ఇటుక బట్టీలలో పని చేసే ఒడియా కూలీలను, ఉత్తరాది నుండి వచ్చిన మేస్త్రీలను ఒక పేరు పెట్టి పిలుస్తాము. కోస్తా నుండి వచ్చిన టీచరమ్మ రాగము తీస్తే వెనుక నుండి అనుకరిస్తాము. పరదేశిని నీలో ఒకనివలె ప్రేమించుము, మీరును పరదేశులై ఉంటిరి గదా అన్నది దేవుని ఆజ్ఞ సారాంశము (లేవీయకాండము 19:34). గల్ఫులో మన తమ్ముడు ఎట్లా చూడబడాలని కోరుకొంటామో, మన ఊరిలో ఆ ఒడియా తమ్ముడు అట్లా చూడబడాలి.

ఇదంతా విని, నవ్వడమే పాపమా అని అడుగవద్దు. కాదు! ముసలితనములో బిడ్డను ఎత్తుకొని సారా నవ్వింది, ఆ బిడ్డ పేరే నవ్వు అని అర్థము. చెరలో బబులోనువారు తమ వినోదానికి పాటలు పాడుమంటే నోరు పెగలని ప్రజలే (కీర్తన 137), చెర తీరిన దినమున నోరారా నవ్వారు (కీర్తన 126). 1999లో చందా మేత్రాసనము నుండి విడివడి మన ఆదిలాబాదు మేత్రాసనము ఏర్పడక ముందు నుండి కూడ, కేరళ నుండి వచ్చిన గురువులు, కన్యస్త్రీలు మన మధ్య తెలుగు నేర్చుకొన్నారు. కొత్తగా వచ్చిన ఫాదరుగారు 'దేవుడు పాపులను ప్రేమించాడు' అనబోయి 'పాములను ప్రేమించాడు' అన్నారనుకొందాము. దేవాలయమంతా నవ్వుతుంది, ఫాదరుగారు అందరికంటె గట్టిగా నవ్వుతారు. పూజ అయినాక ఒక అవ్వ వచ్చి, "గట్ల కాదు అయ్యగారూ, గిట్ల అనాలె" అని నేర్పుతుంది. ఎవరిని చూచి నవ్వామో ఆయన కూడ మనతో నవ్వగలిగితే అది దేవుడిచ్చిన నవ్వు. పోపు ఫ్రాన్సిస్ గారు 2024 జూన్‌లో పలు దేశాల హాస్య కళాకారులను వాటికన్‌కు పిలిపించుకొని, మంచి హాస్యము ఎవరినీ అవమానించదని, లోపాలను బట్టి ఎవరినీ తక్కువ చేయదని చెప్పారు.

మనము చేయదగినవి

1963లో రెండవ వాటికన్ మహాసభ ప్రసార సాధనాలను గూర్చి వెలువరించిన శాసనము, తయారుచేసేవారికే గాక చూచేవారికి కూడ బాధ్యత ఉన్నదని బోధించింది. 1994లో జాన్ పాల్ పోపుగారు తన సందేశములో టీవీని కుటుంబమంతా కలిసి చూచి, మంచి చెడులు మాట్లాడుకొమ్మని, అవసరమైతే ఆపివేయమని తల్లిదండ్రులకు చెప్పారు. కనుక:

ఒకటి. పిల్లలతో కూర్చొని చూడండి. నవ్వు వచ్చిన చోట అడగండి: ఆ మనిషి ఇప్పుడు మన పక్కనే కూర్చొని ఉంటే మనము ఇట్లా నవ్వుదుమా? ఈ ఒక్క ప్రశ్న పది ప్రసంగాల పని చేస్తుంది.

రెండు. తప్పు అనిపిస్తే చేయి ఎత్తవద్దు, కలము ఎత్తండి. టీవీ వినోద కార్యక్రమాల మీద ఫిర్యాదులు వినుటకు 2011లో ఒక మండలి ఏర్పడింది. చానెలువారికి నేరుగా వ్రాయవచ్చు. బాగున్నదానిని మెచ్చుకొంటూ కూడ వ్రాయండి. అది మనము మరచిపోయే పని.

మూడు. తల్లి ఫోను చేస్తే అందరిలో ఉండి, ఆమె నేర్పిన మాటలోనే మాట్లాడండి. యువతీ యువకులారా, అది మీ పెంతెకోస్తు.

నాలుగు. పఠనము చదువనని వెనుకకు తగ్గిన ఆ పిల్లను వచ్చే ఆదివారము పిలవండి. ఆమె చదువుతుండగా ఎవరూ నవ్వకుండ చూడవలసినది ముందు వరుసలో కూర్చొనే పెద్దలు.

ప్రార్థించుదము: ముండ్ల కిరీటము పెట్టి, ఊదా వస్త్రము కప్పి సైనికులు వేళాకోళము చేయగా మౌనముగా భరించిన ఓ యేసు ప్రభువా, ఎగతాళికి గురియైన వారి నొప్పి నీకు తెలుసు. దూరదేశాలలో కష్టపడుతున్న మా బిడ్డలను కాపాడుము. మా నోటికి నవ్వును, మా నవ్వుకు ప్రేమను ప్రసాదింపుము. నీ శిష్యుడు పేతురు వలె, మా మాటలోనే నిలిచి నిన్ను ప్రకటించు ధైర్యమును మాకు దయచేయుము. ఆమెన్.